దొరగారి జబ్బు

"మెడపట్టీలు రెండింటికీ గంజి పెట్టించు. ఏది కావాల్సి వస్తుందో చెప్పలేం" అన్నాడు మా ఆయన తోర్బెన్.

పెట్టించడానికి మనుషులెవరున్నారు? పనివాళ్లంతా బీరు కోసం బార్లీ నానబోసే దగ్గర ఉన్నారు. పెట్టింది నేనే. మడతలు మడతలుగా వెడల్పాటిది డెన్మార్క్ రాజుగారి కొలువుకు. సాదాది స్వీడన్‌లో ఉన్న తోర్బెన్ మేనమామ ఇంటికి. ఆ వసంతంలోనే ఇద్దరు రాజులకూ యుద్ధం మొదలైంది. మా ఇల్లు డెన్మార్క్ ఏలుబడిలోని స్కోనెలో, సరిహద్దుకు ఇవతల ఒక పూట నడక దూరంలో ఉంది. ఆరుగురు రౌతులతో బయల్దేరి రమ్మని మా డెన్మార్క్ రాజుగారు ఉత్తరం పంపారు. నువ్వు గుర్రమెక్కావంటే ఇక్కడున్న మీ అమ్మ పొలాలు మా రాజు లాగేసుకుంటాడని మేనమామ రాశాడు. ఆ రెండు ఉత్తరాలూ బల్లమీద పెట్టుకుని మూడు వారాలుగా మా ఆయన గదిలో పచార్లు చేస్తున్నాడు.

సోమవారం వెళ్తానన్నాడు. ఆరుగురికీ ఉప్పుమాంసం, రై రొట్టెలు, గుర్రాలకు ఓట్స్ గింజలు కట్టించాను. గురువారం మానేస్తానన్నాడు. మూటలన్నీ విప్పించి మాంసం మళ్లీ నేలమాళిగలోకి దింపించాను. ఆదివారం మళ్లీ కట్టు. ఆయన మనసు మారిన ప్రతిసారీ విరిగింది నా నడుమే. ఒకసారి విసుగు దాచుకోలేక నిట్టూరిస్తే, "రెండు వైపులా రక్తసంబంధం ఉన్నవాడి బాధ నీకేం తెలుస్తుంది హిల్లెబోర్? ఆడవాళ్లకి ఇల్లే కదా రాజ్యం" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. పదిహేడో ఏట నన్ను ఈ ఇంటికి తెచ్చిన రోజున మా నాన్న ఇంటి వంటలూ, అలవాట్లూ, స్నేహాలూ, పగలూ అన్నీ ఒక్క పూటలో మార్చుకోమన్నారు. తర్వాత మా అన్నయ్యకూ ఈ ఇంటికీ సరస్సులో చేపల హక్కు మీద తగువొచ్చింది. నేను ఎవరి పక్షమని ఎవరూ అడగలేదు. ఇటేనని వాళ్లే అనుకున్నారు. మనసు రెండుగా చీలడం కూడా మగవాళ్లకే దక్కిన వైభోగం. మాకు చీలిందో లేదో చూసుకునే తీరిక ఎవరిచ్చారు?

ఆ ఆదివారమే, చర్చి అయ్యాక ట్రూల్స్ వచ్చాడు. సరిహద్దు వాగు ఒడ్డున హల్లెబెక్ అనే చిన్న ఊళ్లో ఐదు కమతాలున్నాయి. ట్రూల్స్ అందులో ఒకటి సాగుచేస్తాడు. ఆ ఐదూ నావి. పెళ్లైన మర్నాడు పొద్దున, సాక్షుల ఎదుట మొగుడు పెళ్లానికి భూమి కానుకగా ఇవ్వడం మాలో రివాజు. ఒకసారి ఇచ్చాక అది మొగుడిదీ కాదు, కొడుకులదీ కాదు.

"దొరా, అటువైపు రైతులూ మేమూ ఒక మాట అనుకున్నాం" అన్నాడు ట్రూల్స్. "బుధవారం సరిహద్దు రాయి దగ్గర కలుస్తున్నాం. వాళ్ల కొంపలు మేం తగలెయ్యం, మావి వాళ్లు తగలెయ్యరు. ఏ సైన్యం వస్తున్నా ముందుగా కబురు చెప్పుకుంటాం. రాజులు కొట్టుకున్నప్పుడల్లా మా తాతలూ ఇలాగే చేసుకున్నారు. కాకపోతే భూమిగలవాళ్ల ముద్ర పడాలంటున్నారు అటువాళ్లు."

"నా ముద్రా? రెండు వైపులా నా తల తీస్తారు" అని తోర్బెన్ నా వైపు తిరిగి, "పొమ్మను" అన్నాడు. ఎదురుగా నిలబడ్డ మనిషిని పొమ్మనడానికి కూడా నేనే కావాలి.

ట్రూల్స్ గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "పోయినసారి యుద్ధంలో మా అమ్మ కాలిన గింజలు ఏరుకుని తిన్నదమ్మా. ఇప్పుడు మా ఇంటిది నెలలు నిండి ఉంది" అన్నాడు.

సోమవారం రాజుగారి మనిషి వస్తున్నాడని కబురందగానే తోర్బెన్ బూట్లు విప్పేసి మంచమెక్కాడు. "జ్వరమని చెప్పు. లేవలేకపోతున్నానని చెప్పు."

"అబద్ధం నేనా చెప్పాలి?"

"మరి జబ్బుమనిషి తనే బయటికొచ్చి చెప్తాడా?"

చెప్పాను. వచ్చినతను నన్ను ఎగాదిగా చూసి కాగితం తీసి రాసుకున్నాడు: దొరగారు మంచం పట్టారు, లేచే వరకు ఇంటి విషయాలూ భూమి విషయాలూ దొరసానివి. ఏ ఇంటి దొర మంచం పట్టినా అలాగే రాస్తారు, మా దగ్గర అదే చట్టం. కింద ముద్ర వెయ్యమన్నాడు. మా నాన్నగారి వంశం గుర్తున్న నా ఉంగరం మైనం మీద నొక్కాను. అతను మా ఆరుగురు రౌతుల్నీ వెంటేసుకుని వెళ్లిపోయాడు.

"చూశావా? రౌతులు వెళ్లారని రాజు ఊరుకుంటాడు, నేను వెళ్లలేదని మామయ్య ఊరుకుంటాడు" అన్నాడు తోర్బెన్, తలగడకు జారబడి. "కాస్త బీరులో రొట్టె వేసి జావ కాయించు. తేనె ఎక్కువ వెయ్యి."

"మరి హల్లెబెక్?"

"కాలితే కాలుతుంది. మళ్లీ కట్టుకుంటారు."

జావ కాచి ఇచ్చాను. కాలేది ఆయన ఇల్లు కాదు కదా, కట్టుకునేదీ ఆయన కాదు.

బుధవారం పొద్దున్నే గుర్రానికి జీను వేయిస్తుంటే మా అత్తగారు వచ్చారు. ఆవిడ పుట్టిల్లు స్వీడన్. నలభై ఏళ్లు ఈ ఇంటి చాకిరీ చేసినా ఇంకా ఆవిణ్ని అవతలి మనిషే అంటారు.

"ఎక్కడికమ్మాయ్?"

"సరిహద్దు రాయి దగ్గరికి."

తిడతారనుకున్నాను. "మీ మామగారు కూడా ఇలాగే గోడమీద పిల్లిలా కూర్చున్నారు. నేను నోరు మూసుకుని చూశాను. ఊరు కాలిపోయింది" అన్నారు. తన ఉన్ని శాలువా తీసి నా భుజాల మీద వేశారు. "నేనింకా బతికే ఉన్నానని మావాళ్లకి చెప్పు."

రాయి దగ్గర రెండు వైపుల రైతులూ నలభై మంది దాకా ఉన్నారు. అటువైపు పెద్దమనిషి నన్ను చూసి, "దొరేడీ? ఆడమనిషి ముద్ర ఏం చెల్లుతుంది?" అన్నాడు.

"దొర మంచం మీద ఉన్నారని మా రాజుగారి మనిషే రాసుకుపోయాడు. లేచేదాకా మాట నాది. ఆ ఐదు కమతాలైతే ఆయన లేచినా నావే. ఇంకేమైనా అడుగుతారా?"

"బాబోయ్, ఇంకేం అడుగుతామమ్మా" అని నవ్వాడు. అందరం ఒకే కర్ర పట్టుకుని ప్రమాణం చేశాం. ముద్ర వేశాను. ఈసారి మైనం మీద ఉంగరం నొక్కుతుంటే నా పేరు నాకే కొత్తగా, గొప్పగా అనిపించింది.

ఇంటికొచ్చేసరికి కబురు నాకంటే ముందే చేరింది. తోర్బెన్ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఎవర్నడిగి చేశావ్?"

"మిమ్మల్నే అడుగుదామనుకున్నా. లేవలేని మనిషిని ఇబ్బంది పెట్టడం ఎందుకని..."

"రేపే లేచి ఆ ముద్ర చెల్లదని చాటిస్తాను!"

"లేవండి. లేస్తే గుర్రమెక్కాలి. ఏ రాజు దగ్గరికో ఇప్పుడే చెప్పండి, దాన్ని అటు తిప్పి నిలబెట్టిస్తాను."

నా వైపు చూశాడు. కిటికీ వైపు చూశాడు. తర్వాత మెల్లగా వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. దుప్పటి పైకి లాగి కప్పాను.

ఆ వేసవిలో రెండు సైన్యాలూ మా దారినే వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ కబురు ముందే అందింది, పశువులు అడవిలోకి చేరాయి. హల్లెబెక్‌లో ఒక్క ఇంటి కప్పూ కాలలేదు. కోతలయ్యేదాకా ఆయన మంచం దిగలేదు, నేను గుర్రం దిగలేదు.