పద్దెనిమిది వందల చూపులు

నేను ఒక పతకాన్ని. వెండి పతకాన్ని అని చెప్పుకోవడానికి మాత్రం నోరు రాదు. లోపలంతా ఇత్తడి, పైన వెండిపూత. చుట్టూ లతల నగిషీ, మధ్యలో 'నటశేఖర' అన్న అక్షరాలు. కింద పేరు లేదు. మరిచిపోయి కాదు, నన్ను చేయించిన బసవయ్యే పేరు చెక్కొద్దన్నాడు.

బసవయ్య నాటకాల కాంట్రాక్టరు. ఊరూరా డేరా వేయించి, నటులను కుదుర్చుకొచ్చి, టిక్కెట్టు పెట్టి ఆడించేవాడు. నాటకం మంచి పట్టులో ఉండగా జనంలోంచి ఒక పెద్దమనిషి లేచి వేదిక ఎక్కేవాడు. "ఈ ఊరి కళాభిమానుల తరఫున" అంటూ నాలుగు మాటలు మాట్లాడి, నన్ను నటుడి గుండెకు తగిలించేవాడు. చప్పట్లతో డేరా అదిరిపోయేది. ఆ పెద్దమనిషికి ముందువరస కుర్చీ, ఫలహారం బసవయ్య ఖర్చుమీదే ముట్టాయని చప్పట్లు కొట్టేవాళ్లకు తెలియదు. తెర పడగానే నటుడు నన్ను విప్పి బసవయ్య చేతిలో పెట్టాలి. అది ఒప్పందం. మర్నాడు ఇంకో ఊరు, ఇంకో గుండె. పతకాలు ఇస్తున్నారని తెలిస్తే పక్క ఊళ్లో టిక్కెట్లు బాగా తెగేవి. మూడేళ్లలో నా వెనక పిన్ను రెండుసార్లు ఊడితే రెండుసార్లూ మళ్లీ అతికించారు. మనుషులు అబద్ధమాడేటప్పుడు కాస్తైనా తడబడతారు. నేను తళతళలాడుతూ ఆడేదాన్ని.

ఆ నటుల్లో గోవాడ రాఘవులు ఒకడు. స్త్రీ వేషాలు కట్టేవాడు. రాణి వేషంలో పద్యం ఎత్తుకుంటే ఆడవాళ్లు కళ్లొత్తుకునేవాళ్లు. భార్య పోవడంతో ఏడేళ్ల కూతురు మాణిక్యాన్ని వెంట తిప్పుకునేవాడు. నాటకం జరుగుతున్నంతసేపూ ఆ పిల్ల లోపల బట్టల పెట్టెమీద కూర్చుని ఉండేది.

రేపల్లెలో ఆడిన రోజున ఆ పెద్దమనిషి మాటలన్నీ మాణిక్యం తెర పక్కన నిలబడి వింది. ఇంతమంది ఎదుట నాన్నకిచ్చిన పతకాన్ని బసవయ్య ప్రతిసారీ ఎందుకు పట్టుకుపోతాడో ఆమెకు అర్థం కాలేదు. ఆ పిల్ల లెక్కలో దొంగ బసవయ్యే. రాఘవులు నన్ను విప్పి అద్దం ముందు పెట్టి మొహం కడుక్కోవడానికి వెళ్లాడు. ఆయన తిరిగొచ్చేసరికి నేను మాణిక్యం పరికిణీ కుచ్చిళ్లలో ఉన్నాను.

బసవయ్య చెయ్యి చాచాడు. పతకం లేదు. "ఇప్పుడే ఇక్కడే పెట్టానండీ" అన్నాడు రాఘవులు. బసవయ్య వినలేదు. పదిమంది ఎదుట పెట్టె బోర్లించాడు. రాణిగారి చీరలన్నీ మట్టిలో పడ్డాయి.

"ఆడవేషం కట్టి ఆడబుద్ధి కాదురా, దొంగబుద్ధి పట్టింది నీకు!" అన్నాడు.

అప్పుడైనా ఆ పిల్ల నోరు విప్పి ఉండవలసింది. భయంతో బిగుసుకుపోయింది. పిడికిలిలో నన్ను ఎంత గట్టిగా పట్టుకుందంటే పిన్ను గుచ్చుకుని రక్తం వచ్చింది.

మర్నాడు తెనాలిలో ఇంటి దగ్గర పరికిణీ ఉతకబోతూ రాఘవులు నన్ను చూశాడు. తిరిగి ఇచ్చేయవచ్చు. ఇస్తే, దొంగ ఎవరో చెప్పాలి. ఆయన కూతుర్ని కొట్టలేదు, తిట్టలేదు, ఒక్క మాట కూడా అడగలేదు. నన్ను పాత తలగుడ్డలో చుట్టి పెట్టె అడుగున పెట్టాడు. బసవయ్య మాట అన్ని కాంట్రాక్టర్లకూ పాకింది. రాఘవుల్ని మళ్లీ ఎవరూ పిలవలేదు. ముప్పయ్యేళ్లు సోడాకొట్టు నడిపాడు. ఎవరైనా ఒక పద్యం పాడమంటే గొంతు పోయిందనేవాడు. పోలేదు. గొంతు విప్పితే ఏడుపు వస్తుందని నాకు తెలుసు. నా మూలంగా ఒక మనిషి పాటే ఆగిపోయింది. ఆ పెట్టె అడుగున నేను నల్లబడ్డానంటే అది గాలికీ తేమకీ కాదనిపిస్తుంది నాకు.

ఆయన పోయాక నేను మాణిక్యానికి వచ్చాను. ఆమె కూతురు హైమ చిన్నప్పుడు "ఇదెవరిచ్చారు?" అని అడిగితే, "ఎవరో జమీందారు మీ తాతకిచ్చాడు" అంది. ఆ మాట అన్నాక మొహం పక్కకు తిప్పుకుంది. హైమ ఆ మాటను పట్టుకునే పెరిగింది.

ఇప్పుడు హైమకు నలభై దాటాయి. తెనాలిలోనే, ఇంటి ముందుగదిలో బ్లౌజులు కుట్టే షాపు ఉంది. తల్లి ఆమె దగ్గరే ఉంటుంది. పాత వస్తువుల్ని వేలం వేసే సైటు ఒకటుందని ఎవరో చెప్పగానే హైమ నన్ను చింతపండుతో తోమి ఫొటోలు తీసింది.

"నన్నడగొద్దా?" అంది మాణిక్యం.

"పెట్టెలో మగ్గితే ఏం లాభమమ్మా? తాతయ్యంటే ఎవరో లోకానికి తెలియనీ" అంది హైమ. నా బొమ్మ కింద ఇలా రాసింది: పదివేలమంది ఎదుట జమీందారుగారు స్వయంగా బహూకరించిన వెండి పతకం. ఆ వాక్యంలో ఒక్క ముక్కా నిజం కాదు. నాకు తల కొట్టేసినట్టయింది.

మొదటిరోజు నూట ఇరవై వ్యూస్. మూడోరోజుకు ఆరువందలు. హైమ కాలు నేలమీద నిలవలేదు. షాపుకొచ్చిన ప్రతివాళ్లకూ ఫోను చూపించేది. అంకె పెరిగినకొద్దీ మొదటి ధర రెండుసార్లు పెంచింది. వారం తిరిగేసరికి చూపులు పద్దెనిమిది వందలు దాటాయి. వేలం పాట మాత్రం ఒక్కటీ రాలేదు.

ఆ చూసేదెవరో నాకు తెలుసు. మాణిక్యం వంటింట్లో కూర్చుని తన ఫోనులో నా పేజీ తెరిచేది. కింద ఎవరైనా 'ఇది దొంగసొత్తు' అని రాశారేమోనని వెతికేది. లేదని తెలిసి మూసేది. పోపు వేగేలోపు మళ్లీ తెరిచేది. బసవయ్య మనుషులెవరైనా గుర్తుపడతారని, చచ్చిపోయిన తండ్రిని మళ్లీ దొంగంటారని ఆమె భయం. కూతురు అంకె పెరిగిందని మురిసిపోయినప్పుడల్లా ఆమెకు అన్నం దిగేది కాదు.

ఎనిమిదోరోజు బాపట్ల నుంచి మొహిద్దీన్ మాస్టారని ఒకాయన, నా వీపు ఫొటో పెట్టమని సైటులో అడిగాడు. నాటకాల పతకాలు పోగుచేయడం ఆయనకు పిచ్చి. ఫొటో చూసి ఫోన్ చేశాడు.

"అమ్మా, పిన్ను ఊడితే రెండుసార్లు అతికించారు, కింద పేరు లేదు. ఇది ఊళ్లు తిరిగిన పతకం. జమీందారు ఇచ్చింది కాదు."

హైమకు కోపం వచ్చింది. "మీరట్లా అంటే ఎట్లాగండీ? పద్దెనిమిది వందలమంది చూశారు!"

"పద్దెనిమిది వందలమంది కాదమ్మా, పద్దెనిమిది వందలసార్లు. ఒక్కమనిషే వందసార్లు తెరిచినా వందే చూపిస్తుంది. గుండె గుర్తు ఎందరు నొక్కారు?"

"ఇద్దరు."

"అందులో నేనొకణ్ణి. కొనేవాడు రెండుసార్లు చూస్తాడు, మూడోసారి ఏదో ఒకటి అడుగుతాడు. ఏమీ అడక్కుండా ఇన్నిసార్లు తెరిచేవాళ్లకు కావలసింది వస్తువు కాదు, ఇంకేదో. ఏ ఊరివాళ్లు చూశారో మీకు కనపడుతుంది, చూసుకోండి."

హైమ చూసుకుంది. దాదాపు అన్నీ తెనాలే. తను తెరిచినవి ఒక వంద ఉంటాయేమో. మిగతావి? లేచి వంటింట్లోకి వెళ్లింది. మాణిక్యం చేతిలో ఫోను, ఫోనులో నేను.

"అమ్మా, ఇదంతా నువ్వేనా?"

డెబ్బయి దాటిన మనిషి, తప్పుచేసి దొరికిన పిల్లలా లేచి నిలబడింది. "జమీందారూ లేడు, గిమీందారూ లేడే హైమా. దాన్ని నేనే తీశాను. మా నాన్న దొంగ కాదు. నేనే." ఆ తర్వాత మొత్తం చెప్పింది. పెట్టె బోర్లించిన సంగతి చెప్పేటప్పుడు కొంగు నోట్లో కుక్కుకుంది. హైమ సిగ్గుతో నేలచూపులు చూసింది. ఊరంతా చూపించుకున్న ఆ అంకె తన తల్లి దడ అని అప్పటికి గానీ ఆమెకు తెలియలేదు.

"పోన్లే అమ్మా, తీసేస్తాను" అంది చివరికి.

"తీయొద్దు. నేను చెప్పినట్టు రాయి." మాణిక్యం ఒక్కో మాటా చెబుతుంటే హైమ రాసింది: ఇది వెండి కాదు. దీన్ని గోవాడ రాఘవులు గారు దొంగిలించలేదు. ఆయన కూతురు మాణిక్యం, ఏడేళ్లప్పుడు, తెలియక తీసింది. ఆయనకు తెలిసీ పిల్లకోసం నింద మోశారు. కాంట్రాక్టరు బసవయ్యగారి వాళ్లెవరైనా ఉంటే క్షమించాలి.

ధర మొదటికి తగ్గించారు. మొహిద్దీన్ మాస్టారు ఆ సాయంత్రమే వేలం పాడాడు. నిజమైన పతకాలు తన దగ్గర చాలా ఉన్నాయట. ఇలాంటివి సిగ్గుపడి అందరూ పారేస్తే ఒక్కటీ దొరకలేదట. గడువింకా ఒక రోజుంది. అది తీరితే నేను బాపట్ల వెళతాను.

ఆ చివరిరోజు మాణిక్యం ఫోను ముట్టుకోలేదు. వాకిట్లో కూర్చుని గంటకోసారి కూతుర్ని అడిగింది. ఇన్నాళ్లూ ఎవరూ చూడకూడదని వణికిన మనిషి ఇప్పుడు లోకమంతా చూడాలని కోరుకుంది.

"ఎంతమంది చూశారే, నేను రాయించాక?"

హైమ ఫోను చూసింది. పదకొండు. బసవయ్య లేడు, ఆనాటి నటులు లేరు, చప్పట్లు కొట్టిన రేపల్లె జనంలో ఎవరు మిగిలారో తెలియదు. రాఘవులు దొంగ కాదన్న మాట వినవలసినవాళ్లంతా వెళ్లిపోయారు.

"చూస్తున్నారమ్మా. పెరుగుతూనే ఉంది" అంది హైమ. తల్లికి కనపడకుండా కుట్టుమిషను వైపు తిరిగి కూర్చుని, నా పేజీ మూసి తెరిచింది. మూసి, మళ్లీ తెరిచింది.