నామఫలకమును గప్పిన నల్లవస్త్రము

అది గ్రీష్మర్తువు. ప్రచండమార్తాండకిరణసంతప్తమై పైడిపురరాజవీథి యట్లపెనమువలె గాలుచుండ, తరుచ్ఛాయల నాశ్రయించిన గోగణము నాలుకలు వెలికిజాచి రొప్పుచుండ, జలకుంభధారిణులైన పురస్త్రీలు పాదదాహమునకు వెఱచి గోడల నీడలవెంట బరుగులిడుచుండ, ధూళిధూసరమైన గగనతలమున నొక్క మేఘశకలమైనను గానరాని యా మధ్యాహ్నవేళ, సకల పైడిసీమా రాజ్యమునకు ధర్మశాసనములు నిర్మించు మహాసభామందిరము మాత్రము తడిపిన వట్టివేళ్ళ తడికల పరిమళముతో మిక్కిలి చల్లగా నుండెను. సభాసదులలో బెక్కురు కునికిపాట్లు పడుచుండిరి. ప్రజల కష్టములను గూర్చి చర్చ జరుగునపుడు వారికి నిద్ర వచ్చుట క్రొత్తగాదు.

ఆనాడు సభయెదుటికి వచ్చినది ఆరక్షకశాసనము. పురజనరక్షణార్థము నియుక్తులైన యారక్షకభటులు ఆ రాజ్యమున జిరకాలముగా రక్షణమను మాటను మఱచి దండమును మాత్రమే జ్ఞప్తియందుంచుకొనియుండిరి. సంతలో గూరగాయలమ్ము ముసలిదాని గంపను కాలితో దన్నినవాడెవ్వడు? తనకాళ్ళతో దాను ఠాణాలోనికి నడచిపోయిన మనుష్యుని నలువురు మోసికొనిరావలసినట్లు చేసినవాడెవ్వడు? అడిగినచో నందఱిదియు నొక్కటే తలపాగ, ఒక్కటే చొక్కాయి, ఒక్కటే మీసము. ఎవనిని జూపి యెవనిపై మొఱపెట్టుకొందురు? ఈ దురన్యాయమును సహింపజాలక నీతిశాస్త్రపారంగతుడును మృదుభాషియు నగు ఏచనామాత్యుడను వృద్ధమంత్రి ప్రతియొక్క భటుడును దన పేరు చెక్కిన యిత్తడిఫలకమును ఎడమఱొమ్మున ధరింపవలెననియు, పేరు సూచించి ప్రజలలో నెవ్వరు మొఱపెట్టినను ఆరక్షకులు కానట్టి పెద్దలు మండలిగా గూర్చుండి బహిరంగముగ విచారింపవలెననియు, దోషియని తేలినవానిని సామాన్యునివలెనే శిక్షింపవలెననియు నొక శాసనమును రచించి సభకు సమర్పించెను.

రాజ్యమందలి యారక్షకులకెల్ల నధిపతియైన గొంకనాయకుడు ప్రత్యుత్తరమిచ్చుటకై లేచెను. వ్యాఘ్రమువలె గర్జించునని యెల్లరును దలంచిరి గాని యాతడు కన్నులు తుడుచుకొని మిక్కిలి దీనస్వరమున నిట్లు పలికెను.

“మహాసభకు నమస్కారములు. ఫలకమును ధరించుటకు మాకేమియు నభ్యంతరము లేదు. కాని మాకొక పూర్వాచారము గలదు. ఠాణా కప్పుక్రింద నెవ్వడు ప్రాణములు విడిచినను, భటుడు కానిండు బంది కానిండు, అచటి వారమందఱము నెలదినములు ఎడమఱొమ్మున నల్లవస్త్రము ధరించి శోకింతుము. ఫలకమునకై యా వస్త్రమును దొలగించి మృతులను గౌరవింపని కిరాతులమగుమందురా?”

ఆచారము నిజమే. బందీని సయితము ఇంటికివచ్చిన యతిథిగా భావించిన పూర్వకాలపు భటులు దానిని నెలకొల్పిరి. ఆ భటులు పోయిరి, వస్త్రము మిగిలెను. ఏచనామాత్యుని హృదయము ద్రవించెను. శోకమునకు శాసనము అడ్డురాదగదని పలికి యాతడు సభలోనే లేఖిని గైకొని, శోకదినములందు నామఫలకమును నల్లవస్త్రముతో గప్పుకొనవచ్చునని యొక్క వాక్యమును జేర్చెను. అంతటితో గొంకనాయకుడు చేతులు జోడించెను, సభాసదులు మేల్కొని హర్షధ్వానములు చేసిరి, శాసనము నెగ్గెను. ఫలకమును కుడిఱొమ్మున ధరింపుడని చెప్పుటకు ఆ పండితసభలో నొక్కనికిని దోపలేదు. తోచినవారు చెప్పలేదు.

తరువాత జరిగినదానిని దలంచికొన్న నేటికిని నా యొడలు మండుచున్నది. శాసనము వెలువడినది మొదలు పైడిసీమయందలి యారక్షకులెల్లరును ఘోరశోకసాగరమున మునింగిపోయిరి. ఉత్తరపుగొండల ఠాణాలో శోకము, దక్షిణపురేవు ఠాణాలో శోకము, భటుడన్నవాడు తుమ్మిన శోకము దగ్గిన శోకము! పన్ను వసూలునకు బోవునపుడు, సంతను జెదరగొట్టునపుడు, పేదవాని తలుపు విఱుగదన్నునపుడు వారి శోకము మఱింత పెచ్చు పెరుగుచుండెను. విందులకు బోవునపుడు మాత్రము ఇత్తడిఫలకములు ధగధగ మెఱయుచుండెను. ఎవ్వరు మరణించిరని యడిగిన నాథుడు లేడు.

అడిగినవాడొక్కడే. వాని పేరు కొమ్మయ. తూర్పుపేటలో తుంగచాపలల్లి జీవించు మాచమ్మ యను వితంతువునకు వాడొక్కడే కొడుకు. ప్రతిపౌరునకును భటుని పేరడుగు హక్కు గలదని చాటింపువాడు నాలుగువీథుల కూడలిలో డప్పుగొట్టి చెప్పినపుడు ఆ యమాయకుడు దానిని నిజమని నమ్మెను. ఏలినవారి మాటను నమ్ముటకన్న వాడు చేసిన నేరము మఱేమియు లేదు. ఒకనాడు సంతలో కనుబొమ్మపై గాటుగల భటుడొకడు నిమ్మకాయలమ్ము స్త్రీని జుట్టుపట్టి యీడ్చుచుండ, కొమ్మయ చాపలకట్టను నేలదించి యెదురుగా నిలిచి చేతులు జోడించెను.

“అయ్యా, తమ పేరేంటి? ఆ గుడ్డ కొంచెం పక్కకి తీసి చూపించండి. చాటింపులో చెప్పారు గదా, అడగొచ్చని.”

భటుడు స్త్రీని విడిచి వానిని ఆపాదమస్తకము బరికించి చిఱునవ్వు నవ్వి వెడలిపోయెను. శాసనము పనిచేసినదని సంతలోనివారు సంతోషించిరి.

మఱునాటి యుదయమున నల్లవస్త్రములు దాల్చిన భటులు కొందఱు మాచమ్మ గుడిసె ముంగిట నిలిచిరి. వారిలో గనుబొమ్మగాటువాడును గలడు. దాహమని యడుగగా కొమ్మయయే కుండలోని చల్లని నీటిని ముంచియిచ్చెను. ఠాణాలో నొక్కమాట చెప్పి రావలెనని వారనిరి. అల్లుచున్న చాపను ప్రక్కకు నెట్టి వాడు లేచెను.

“అంచు నువ్వు కట్టకమ్మా, నీకు వేళ్ళు నొప్పి. నేనొచ్చి కడతా,” అని చెప్పి వాడు వారివెంట బోయెను.

ప్రొద్దు గ్రుంకకమున్నే వాని శవమును దెచ్చి యా చాపమీదనే పడవైచి, జ్వరము వచ్చి పోయెనని చెప్పి భటులు మరలిపోయిరి. జ్వరమట! వీపున దట్టుదేలిన గుఱుతులు వేయు జ్వరమెచ్చట నున్నది? వ్రేళ్ళు విఱుచు జ్వరమును ఏ వైద్యుడు చూచెను? మాచమ్మ కొడుకు వీపును దడిగుడ్డతో దుడిచినది, వాని వ్రేళ్ళను తన యొడిలో సరిచేసి పెట్టినది. కాష్ఠము చల్లాఱిన పిమ్మట విచారణమండలి ద్వారమున వచ్చి కూర్చున్నది. తన కొడుకును గొట్టి చంపినవాని పేరు తనకు గావలెను, ఆ పేరు నలుగురిలో బలుకబడవలెను. ఆమె కోరినది ఇంతే.

మండలికి అధ్యక్షుడు శాసనకర్తయైన ఏచనామాత్యుడే. విచారణదినమున పురజనము మండపమున గిక్కిఱిసి నిలిచెను. ఆ ఠాణా భటులందఱును వరుసగా నిలువబడిరి. అందఱి ఱొమ్ములను నల్లవస్త్రములు గప్పియున్నవి. గొంకనాయకుడు వారి ముందర నున్నతాసనమున గూర్చుండెను. మాచమ్మ వరుసనెల్ల బరికించి కనుబొమ్మగాటువాని యెదుట నిలిచెను.

“వీడేనయ్యా.”

“వాని పేరేమి తల్లీ?” అని అమాత్యుడు ప్రశ్నించెను.

“పేరు నాకెట్లా తెలుస్తుందయ్యా? గుడ్డ కప్పుకుని వచ్చారు.”

గొంకనాయకుడు వినయముట్టిపడ లేచెను. “అమాత్యవర్యా! శాసనము తమరు వ్రాసినదే. పేరు సూచింపని మొఱ మొఱ గాదు. మా శోకమును మన్నింప బ్రార్థన.”

వృద్ధుడు తలవంచుకొనెను. తాను జేర్చిన యొక్క వాక్యము తన గొంతునే నులుముచున్నదని యాతడు గ్రహించెను. గ్రహించియేమి లాభము? మొఱ త్రోసివేయబడెనని వ్రాయుటకు లేఖినిని గైకొనెను. అప్పుడు మాచమ్మ యిట్లనెను.

“కొట్టేసుకోండయ్యా. పోయేముందు ఒక్క మాట అడుగుతా. మా ఇంటికొచ్చిన పొద్దున వీళ్ళకి ఎవరు పోయారు? ఎవరికోసం ఆ గుడ్డ?”

మండపమున గలకలము రేగెను. ఆ యేడు ఆ ఠాణాలో కొమ్మయ దక్క మఱియెవ్వరును మరణింపలేదని యూరెల్ల నెఱుంగును. ఎవ్వరును లేరన్నచో ఫలకమును గప్పుకొనుట శాసనధిక్కారమగును. గొంకనాయకుడు తనకు మహత్తరమైన యుపాయము తోచినట్లు ముఖము విప్పార్చుకొని గద్గదస్వరమున బలికెను.

“ఎవరికై యందువా తల్లీ? నీ కొమరునికై! వాడు మా కప్పుక్రింద గన్నుమూసెను. నీతోబాటు మేమును వానికై శోకించితిమి.”

ఆ మాటకు సభలో గొందఱు కన్నులొత్తుకొనిరి. మాచమ్మ కంట నీరు రాలేదు.

“మా గుమ్మంలోకి వచ్చేటప్పటికే కట్టుకుని ఉన్నారయ్యా. వాడే వీళ్ళకి మంచినీళ్ళిచ్చాడు. తాగారు. నా కొడుకు చేతి నీళ్ళు తాగుతూనే, వాడు చచ్చాడని ఏడుస్తున్నారా?”

ఏచనామాత్యుడు లేఖినిని బల్లపై విసరి, ఆ మృదుభాషి తన జన్మమున నెన్నడును బలుకని కఠినస్వరమున గర్జించెను.

“గొంకనాయకా! మరణమునకు ముందుగా శోకించినవాడు ఆ మరణమును ముందుగా నెఱింగినవాడు. ఎఱింగినవాడు చంపినవాడు. భటులారా! మీరు వానికై యంతగా శోకించితిరి గదా, వాని పేరేమి? చెప్పుడు!”

భటులు ఒకరి ముఖమొకరు చూచుకొనిరి. ఉదయమున బట్టి తెచ్చి ప్రొద్దు గ్రుంకకమున్నే చంపిన మనుష్యుని పేరు వారిలో నొక్కనికిని దెలియదు. తెలిసికొనవలసిన యవసరము వారికి గలుగలేదు. ఏదేని యొకటి పలుకుడని గొంకనాయకుడు కన్నులెఱ్ఱజేసి సైగచేయగా, వరుస చివర నిలిచిన భటుడొకడు భయమున దత్తఱపడి నోరు జాఱెను.

“ఠాణాలో వాణ్ణి… పేరడిగినోడు అనేవాళ్ళమండి.”

ఆ పలుకుతో దాచవలసినది మఱేమియు మిగులలేదు. పేరడిగినందుకే వానిని జంపిరి! ఏచనామాత్యుని యానతిపై పెద్దలు వరుసయందు నడచి నల్లవస్త్రములను బెఱికి నేలబడవైచిరి. శాసనమున మినహాయింపు గలదని గొంకనాయకుడు కేకవేయగా, శోకము లేనివానికి మినహాయింపును లేదని వృద్ధుడు బదులుచెప్పెను. గాటువాని ఫలకము బయల్పడెను. సూరప. మండపమంతట వినబడునట్లు అమాత్యుడా పేరును జదివెను. సూరపయు వానితో వచ్చిన భటులును గొంకనాయకుడును ఆనాడే సంకెలలు దాల్చి రాజన్యాయస్థానమునకు బంపబడిరి. మహాసభ పిదప సమావేశమై యా వాక్యమును గొట్టివేసెను. కొట్టివేయుటకు సభాసదులకు గలముతోడి పని యొక్క నిమిషము. దానికి వెలగా ఒక తల్లి తన బిడ్డనిచ్చుకొనవలసివచ్చెను. తన పేరు చెప్పుటకు సిగ్గుపడు అధికారమునకు ఇతరుల పేర్లు తెలిసికొను నోపిక యుండదు. ప్రజలు దాని మంచిమాటలను నమ్మరాదు.

కాని సంకెలలు వేయుటకు ముందు జరిగినది చెప్పవలసియున్నది. మాచమ్మ వంగి నేలబడిన వస్త్రములలో నొకదానిని దీసికొని దుమ్ము దులిపి మడతపెట్టెను. ఎవ్వరును అడ్డగింపలేదు. ఆమె సూరప యెదుటికి బోయి యా వస్త్రమును వానివైపు చాచెను.

“నా కొడుకు పేరు కొమ్మయ. ఇప్పుడు పోయాడు వాడు. ఇప్పుడు కట్టుకో.”

సూరప చేయి చాపలేదు. ఆమె మాత్రము చాచిన చేతిని దింపక వాని ముఖమునే చూచుచు నట్లే నిలుచుండెను.