నీటి తొట్టి దగ్గర పదిహేను సెకన్లు

మా వదిన ఉద్యోగానికి ఎసరు పెట్టింది ఓనరు కాదు, వాచీ సారు కాదు. నేనే. ఆ మాట ముందే చెప్పేస్తే పీడా వదిలిపోతుంది.

మాది గ్యాస్ స్టవ్ వాల్వులు చేసే ఫ్యాక్టరీ. మీరు స్టవ్ మీద తిప్పే నాబ్ వెనక వేలెడంత ఇత్తడి ముక్క ఉంటుంది. అదే వాల్వు. తిప్పితే గ్యాస్ రావాలి, కట్టేస్తే ఆగాలి. ఆగుతుందా లేదా అన్నది షెడ్డు చివర నీటి తొట్టి దగ్గర తేలుతుంది. వాల్వును కట్టేసి, దాని మూతికి గాలి గొట్టం బిగించి, నీళ్ళలో ముంచుతారు. బుడగ వస్తే లీకు, ఎర్ర డబ్బాలో పడుతుంది. రాకపోతే పచ్చ ట్రేలోకి వెళ్తుంది. ఆ తొట్టి దగ్గర ముగ్గురు ఆడవాళ్ళు పనిచేస్తారు. అందరికంటే వెనక చేరింది మా వదిన.

నేను డ్రిల్లింగు మిషన్ మీద పనిచేస్తాను. బడి చదువు తక్కువ, లెక్కల పిచ్చి ఎక్కువ. చిత్తుకాగితాల కొట్లో తూకానికి కొన్న ఒక పుస్తకమే నా గురువు. పనిని ఎలా కొలుస్తారు, మనిషి చేతి కదలికల్ని ఎలా విడగొట్టి రాస్తారు, స్టాప్‌వాచీ ఎక్కడ నొక్కుతారు, అంతా ఉంది అందులో. వెనక సగం మాత్రం లేదు. ఎవడో పొట్లాలు కట్టడానికి చించుకుపోయాడు.

పోయిన నెల మెడలో వాచీ, చేతిలో అట్ట పట్టుకుని ఒక కుర్ర ఇంజినీరు దిగాడు. మేము పెట్టిన పేరు వాచీ సారు. మంచివాడే, ఎవర్నీ కసరడు. అయినా కొలతకు వచ్చినవాడు కొలతకు వచ్చినవాడే. నేను ముందురోజే బల్ల బల్లకీ తిరిగి చెప్పాను.

"వాచీ కనబడగానే నత్తలైపోండి. ఇవాళ మీరెంత చేస్తే రేపు అదే మీ కోటా."

అందరూ అయ్యారు. తొట్టి దగ్గరివాళ్ళు మరీ అయ్యారు. వదిన ఒక్కో వాల్వును చంటిపిల్లకు నీళ్ళు పోసినంత ముద్దుగా ముంచి లేపింది. వాచీ సారు రాసుకుంటూ పోయాడు. నేను మిషన్ చాటున మీసం దువ్వుకున్నాను.

పది రోజులు తిరక్కుండా ఆ మీసం కాలింది. ఒక పెద్ద స్టవ్ కంపెనీ రోజుకు అయిదువేల వాల్వులు అడిగింది. శుక్రవారానికి ధర చెప్పాలి. ధర చెప్పాలంటే అంచనా వెయ్యాలి: ఇత్తడి ఎంత, మిషన్ ఎంత, మనిషి ఎంత. వేశారు. తొట్టి దగ్గర ఒక్కో వాల్వుకు ఇరవై నాలుగు సెకన్లు అని తేలింది. ఆ లెక్కన అయిదువేలకు అయిదుగురు కావాలి. ఆ ధరకు ఆర్డరు రాదు. కాబట్టి ఇకనుంచి ప్రతి వాల్వునీ ముంచక్కర్లేదు, ఇరవైకి ఒకటి చాలు, దానికి ఒక్క మనిషి చాలు అని బోర్డు మీద కాగితం అతికించారు. వచ్చే నెల నుంచి ఇద్దరు ఆగిపోవాలి. చివర చేరినవాళ్ళు ముందు.

కాగితం చదివి అందరూ నా వైపు తిరిగారు.

"మిగతా చోట్ల మీరెంత నత్తలైనా మిషన్ వేగం మిషన్‌దేరా" అన్నాడు తుప్పు తాత. పాత ఫిట్టరు. ఇనప ముక్క కనబడితే జేబులో వేసుకుంటాడని ఆ పేరు. "తొట్టి కాడ మిషన్ ఎక్కడిది? ఉన్నవి చేతులే. మీ అందరి నత్తతనం పోయి ఆ ఆడకూతుళ్ళ నెత్తిన పడింది."

అంచనా వేసే పాఠం ఉండేది చిరిగిపోయిన సగంలోనే. అందులో మా మెడలు ఉన్నాయని నాకేం తెలుసు?

ఆ సాయంత్రం గేటు దగ్గర వదిన ఆగింది.

"ఏమయ్యా లెక్కల మరిదీ, నన్ను ఇంట్లో కూర్చోబెట్టడానికి ఎన్ని సెకన్లు పట్టింది?"

"వదినా, అది కాదు..."

"మీ అన్నకి నువ్వే చెప్పు. నాకు నోరు రావట్లేదు."

చెప్పాను. అన్న అన్నం పళ్ళెం పక్కకు నెట్టి లేచిపోయాడు. తిట్టినా బాగుండేది.

తెల్లారగానే ఓనరు గదికి బయల్దేరాను. డ్రిల్లింగువాళ్ళు దారికి అడ్డం నిలబడ్డారు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుద్ది. నువ్వు నిజం కక్కితే మా అందరి కోటా పెరుగుద్ది" అన్నారు. వాళ్ళ మాటా నిజమే. కానీ అబద్ధం నాది, ఉద్యోగం వదినది. లోపలికి పోయి కుండబద్దలు కొట్టాను. ఆ ఇరవై నాలుగు దొంగ లెక్క సార్, అసలు పద్దెనిమిది, నత్తల్ని చేసింది నేను అన్నాను.

ఓనరు కళ్ళజోడు తీశాడు. "నా చెవిలో పువ్వు నువ్వే పెట్టి, ఇప్పుడు నువ్వే తీస్తానంటావా?"

"తీసేదాకా మీకు వినబడదు కదా సార్."

పక్కనే ఉన్న వాచీ సారు నవ్వాపుకుంటూ అట్ట మీద గీశాడు. "పద్దెనిమిదైనా చాలదండి. ఎనిమిది గంటల్లో విశ్రాంతికి ఒక గంట పోతే మిగిలేది ఏడు. ముగ్గురితో అయిదువేలు కావాలంటే ఒక్కోటి పదిహేనులో అవ్వాలి. అంటే మనిషికి గంటకు రెండొందల నలభై."

"గురువారం పొద్దున ఒక గంట" అన్నాడు ఓనరు. "రెండొందల నలభై చూపించండి. లేదంటే బోర్డు మీద కాగితం అలాగే ఉంటుంది."

"ప్రతి ఇరవయ్యోదీ నేను విడిగా రాసుకుంటా" అన్నాడు వాచీ సారు. "ఇరవైకి ఒకటి చాలన్న నా పద్ధతి సంగతి కూడా అదే గంటలో తేలాలి."

ఆ మాటతో అతని మీద నాకు సగం కోపం పోయింది. మిగతా సగం అవసరానికి దాచుకున్నాను.

మా చేతిలో ఉన్నది రెండు రోజులు. భోజనం బెల్లు కొట్టగానే నేను, తాత తొట్టి దగ్గర వాలేవాళ్ళం. వదిన చేతుల్ని ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, అయినా చూడలేదు. నేల మీది ట్రేలోంచి వాల్వు తియ్యడానికి నడుం వంచుతుంది, రెండు సెకన్లు. గాలి గొట్టం నట్టు నాలుగు చుట్లు బిగిస్తుంది, నాలుగు చుట్లు విప్పుతుంది, ఆరు సెకన్లు. ముంచి చూస్తుంది, అయిదు. మిగతాది తుడవడం, పెట్టడం.

"ఆ అయిదు కొయ్యడానికి వీల్లేదు" అన్నాను. "బుడగ దాని తీరికను బట్టి వస్తుంది. మిగతా పదమూడులోంచి మూడు లాగాలి."

లెక్క దొరికేసరికి ఒళ్ళు జివ్వుమంది. ట్రేని నేల మీంచి మోచేతి ఎత్తుకు లేపాం. అక్కడొక సెకను మిగిలింది. నట్టు పని తాత పట్టాడు. ఎక్కడినుంచో పాత సైకిలు బ్రేకు పట్టుకొచ్చాడు. బ్రేకు నొక్కితే గొట్టం మూతి వాల్వును కరుచుకోవాలి, వదిలితే వదిలెయ్యాలి. బిగించి ముంచాం. బుడగలే బుడగలు. ఇంకోటి ముంచాం. మళ్ళీ బుడగలు. పది వాల్వులు పెడితే పదీ లీకు.

వదిన నీళ్ళలోకి వంగి చూసింది. "వాల్వు కాదు తాతా, నీ బ్రేకే కారుతోంది. మూతి దగ్గర మెత్తగా ఏదైనా పెట్టు."

తాత చుట్టూ చూశాడు. చూపు నా కాళ్ళ మీద ఆగింది. నా రబ్బరు చెప్పు మడమ కోసి, గుండ్రంగా చెక్కి, గొట్టం మూతికి అంటించాడు. ముంచాం. నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

"పోనీలే, మరిది చెప్పయినా ఒక దారికొచ్చింది" అంది వదిన. కాగితం అతికించాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఒంటికాలి చెప్పుతో ఇంటికి నడుస్తూ నేను ఈల వేశాను.

గురువారం తొమ్మిదింటికి బెల్లు కొట్టారు. వాచీ సారు బొటనవేలు నొక్కాడు. ఓనరు కుర్చీ తెప్పించుకున్నాడు. ముగ్గురి తరఫునా తొట్టి ముందు వదిన నిలబడింది.

బ్రేకు టక్కుమంది, నీళ్ళు గుబుక్కుమన్నాయి, పచ్చ ట్రే ఖణేల్మంది. టక్, గుబుక్, ఖణేల్. చూస్తూ ఉండగానే పది నిమిషాలయ్యాయి. నలభై ఆరు. నలభై చాలు, ఆరు ఎక్కువ. డ్రిల్లింగువాళ్ళు ఒక్కొక్కరే మిషన్లు కట్టేసి చేరుతున్నారు. నన్ను తిట్టినవాళ్ళే ముందు వరసలో నిలబడ్డారు. నాకూ అరవాలనే ఉంది. కానీ వదిన పరుగెడుతోంది. నెమ్మదితనంతో ఒకసారి మోసం చేసి మునిగాం, ఇప్పుడు వేగంతో మోసం చేస్తే రేపట్నుంచి రోజూ ఈ పరుగే పరుగెత్తాలి.

"నెమ్మది వదినా. రోజూ నడిచే నడకే నడువు."

"ఆర్డరు పోతేనో?"

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు."

"నీళ్ళ తొట్టి ముందు నిలబెట్టి నాకే చెప్తున్నావా" అంది. కానీ భుజాలు దించింది. చేతులు నడకలో పడ్డాయి. అరగంటకు నూట ఇరవై రెండు.

నలభయ్యో నిమిషంలో బ్రేకు తీగ సడలింది. తాత పట్కారుతో దూకాడు. ఆయన వయసుకు అది దూకడమే. మెలి తిప్పాడు, లాగాడు, కట్టాడు. నిమిషం హరీమంది. నాలుగు వాల్వులు పోయినట్టే. మళ్ళీ టక్, గుబుక్, ఖణేల్. రెండొందల ఇరవై. రెండొందల ముప్పై. ఎవరో పైకే లెక్కపెట్టడం మొదలెట్టారు, తర్వాత అందరూ అందుకున్నారు. రెండొందల ముప్పై ఏడు.

అప్పుడు వదిన చెయ్యి ఆగింది.

వాల్వు నీళ్ళలో ఉంది. అయిదు సెకన్లయ్యాయి. బుడగ లేదు. తీసెయ్యొచ్చు. తియ్యలేదు.

"తియ్యమ్మా, తియ్యి" అన్నారు వెనకనుంచి.

"ఉండండి. వీడి మొహం నాకు నచ్చలా."

ఆరు. ఎనిమిది. పదకొండో సెకనులో ఆవగింజంత బుడగ వాల్వు మెడ దగ్గర పుట్టి, కాసేపు వేలాడి, పైకి లేచింది. వదిన వాల్వును ఎర్ర డబ్బాలో వేసి తర్వాతిది అందుకుంది. ఎర్ర డబ్బాదీ లెక్కే, రెండొందల ముప్పై ఎనిమిది. రెండొందల ముప్పై తొమ్మిది. బ్రేకు టక్కుమంది. బెల్లు కొట్టారు.

"ఒకటి తక్కువ" అన్నాడు ఓనరు.

"నీళ్ళలో ఉంది సార్" అంది వదిన తలెత్తకుండా. "ఇంకా చూడలా."

చూసింది. అయిదు సెకన్లు, పూర్తిగా. తుడిచి పచ్చ ట్రేలో పెట్టింది. ఖణేల్.

వాచీ సారు అట్ట తిరగేశాడు. "ఏడు సెకన్లు ఆలస్యం. బ్రేకు మీద పోయిన నిమిషం కొత్త సామాను బాలారిష్టం, అది లెక్కలోకి రాదు. నా దృష్టిలో రెండొందల నలభై అయినట్టే." అట్ట మీద వేలు కిందికి జరిపాడు. "ఇంకో సంగతి. ప్రతి ఇరవయ్యోది చొప్పున నేను రాసుకున్నవి పన్నెండు. పన్నెండూ బాగున్నాయి. నా పద్ధతిలో అయితే ఈ సరుకంతా పాస్. ఆ ఎర్ర డబ్బాలో ఎన్నున్నాయమ్మా?"

"ఏడు."

తన లెక్క తప్పని తనే చదివి వినిపించే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. దాచుకున్న సగం కోపం కూడా పోయింది.

వదిన డబ్బాలోంచి ఆ చివరి వాల్వు తీసి ఓనరు చేతిలో పెట్టింది. ఇంకా తడిగా ఉంది. "దీన్ని ఎవరింటికి పంపుదాం సార్? మీ ఇంటికా, మా ఇంటికా?"

ఓనరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. గింజుకున్నాడు, గొణుక్కున్నాడు. చివరికి "ముగ్గురూ ఉంటారు" అన్నాడు. షెడ్డు రేకులు ఎగిరిపోయేంత కేక లేచింది. తాత బ్రేకును పంచె చెంగుతో తుడుస్తున్నాడు, తడేం లేకపోయినా.

"అయితే మిగతా సెక్షన్లలోనూ నత్తలేనన్నమాట" అన్నాడు ఓనరు, కేకలు తగ్గాక, నా కళ్ళలోకి చూస్తూ.

ఇక్కడ దాక్కుంటే మళ్ళీ అదే గొయ్యి.

"అవును సార్. మళ్ళీ కొలవండి. ఈసారి మా మనిషి ఒకడు పక్కన రెండో వాచీ పట్టుకుంటాడు. విశ్రాంతి గంట కాగితం మీద ఉండాలి. మా బుర్రతో మిగిలిన సెకన్ల డబ్బులో సగం మాకు రావాలి."

"సగమా?"

"చెప్పు నాది సార్."

అతను ఆ తడి వాల్వును జేబులో వేసుకుని గదికి నడిచాడు. కాదని కూడా అనలేదు. డ్రిల్లింగువాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ నాతో మాట్లాడరు. ఆ సగం వాళ్ళ చేతిలో పడ్డాక మాట్లాడతారు. దానికోసం పోట్లాట నడుస్తూనే ఉంది.

శుక్రవారం పొద్దున బోర్డు మీద పాత కాగితం చించి కొత్త అంచనా అతికించారు. వదిన, నేను పక్కపక్కన నిలబడి చదివాం. నీటి తొట్టి: ముగ్గురు. పదిహేను సెకన్లు. ప్రతి వాల్వు. నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

వదిన మొహం కాగితానికి ఆనించింది, వాల్వును చూసినట్టే.

"మరిదీ, మిగతాదంతా పెన్నుతో ఉంది. ‘ప్రతి వాల్వు’ ఒక్కటే పెన్సిల్‌తో రాశారు."

చూశాను. నిజమే.

"నిల్చున్నావేం? పెన్ను పట్టుకుని పో."

పట్టుకుని పోయాను.