అంచు లోపలి గీత

ఆదివారం ఆరాధన ముగిసేసరికి రెండేళ్ల జానీ చేతిలోని రూపాయి బిళ్ళ కనబడలేదు. పిల్లాడు చొల్లు కారుస్తూ, నీళ్లు మింగలేక ఏడ్చాడు. తండ్రి జయరాజ్, నాయనమ్మ కరుణమ్మ వాణ్ణి షాబాద్ నుంచి చేవెళ్లకు తీసుకొచ్చారు. డాక్టర్ వనిత తన క్లినిక్‌లో ఎక్స్‌రే తీసింది. తెర మీద గొంతు కింద తెల్లని గుండ్రం కనిపించింది.

“బిళ్ళనే మేడం. కానుకకని నేనే చేతిల పెట్టిన,” అంది కరుణమ్మ. “అరటిపండు తినిపిస్తే దిగుతది. వీని బాపు చిన్నప్పుడు గుండీ మింగితే గట్లనే పోయింది.”

“నా ముచ్చట ఇప్పుడెందుకవ్వా?” అన్నాడు జయరాజ్.

“ఏం తినిపియ్యకండి. జర ఆగండి,” అంది వనిత.

ఎక్స్‌రే యంత్రం నలుపు నుంచి తెలుపు దాకా వేల ఛాయలను నమోదు చేస్తుంది. తెర ఒకేసారి చూపేది వాటిలో కొన్నింటినే. ఊపిరితిత్తులు కనబడేలా అమర్చితే లోహమంతా ఒకే తెలుపు. వనిత మౌస్ జరిపింది. పక్కటెముకలు చీకట్లో కలిశాయి. గుండ్రం అంచుకు లోపల ఇంకో గీత తేలింది. అది మొదటి నుంచీ ఆ చిత్రంలోనే ఉంది.

“బిళ్ళకు ఒకటే అంచుంటది. ఇది బటన్ బ్యాటరీ. లోపల కాలుస్తది. ఇంట్ల అసొంటివి ఏమన్న ఉన్నయా?”

జయరాజ్ భార్యకు ఫోన్ చేశాడు. క్రిస్మస్‌కు కొన్న ప్లాస్టిక్ కొవ్వొత్తి అడుగు మూత ఊడి ఉంది. బ్యాటరీ లేదు.

వనిత చిత్రాన్ని నగరంలోని పిల్లల ఆసుపత్రికి పంపి, వాళ్లను కారెక్కించింది. కారు మొయినాబాద్ దాటుతుండగా ఆ ఆసుపత్రి డాక్టర్ జయరాజ్‌కు ఫోన్ చేశాడు.

“ఫొటో చూసిన. రెండో గీత కనబడ్డది. సీదా ఆపరేషన్ థియేటర్‌కు తీసుకురండి.”

“మనం మెహదీపట్నమే చేరలే,” అంది కరుణమ్మ. “పోరని గొంతు అప్పుడే దవాఖాన చేరిందా?”

సాయంత్రానికి బ్యాటరీ తీశారు. అన్నవాహిక ఒక పక్క కాలింది, రంధ్రం పడలేదు. మర్నాడు మళ్లీ ఎక్స్‌రే తీశారు. కరుణమ్మ చూపించమని పట్టుబట్టింది. డాక్టర్ తెర మీద పెట్టాడు.

“ఏం కనబడుతలేదు కదా బిడ్డా?”

“లేదవ్వా. ఏం లేదు.”

“గట్ల ఊకె చెప్తే ఎట్ల? ఆ మేడం జరిపినట్టు జరిపి చూడు.”

డాక్టర్ మౌస్‌ను ఒక కొస నుంచి ఇంకో కొసకు జరిపాడు. మనవడి పక్కటెముకలు ఆరిపోయి, మళ్లీ వెలిగాయి. ఎక్కడా గుండ్రం రాలేదు; బ్యాటరీదీ లేదు, రూపాయిదీ లేదు.

“ఇంకొక్కసారి,” అంది కరుణమ్మ, కుర్చీ ముందుకు జరుపుకుంటూ.