ఓర్ఫా కూర్చున్న సభ

బడి ఉన్నా లేకపోయినా పొద్దున ఆరున్నరకల్లా సిగ్నీ తల్లి ఇంటికి వచ్చేస్తుంది. స్కూలు బస్సు నడిపే మనిషి, నిమిషం అటూ ఇటూ కాదు. పొయ్యిలో రెండు కట్టెలు పడేసి, పెనం మీద గుడ్లు కొట్టి, తల్లిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి జుట్టులోంచి నాచు దువ్వుతుంది. నవంబరులో పట్టిన నాచు ఏప్రిల్ దాకా వదలదు.

"చెవి వెనక ఇంకా ఉంది. కదలకు," అంది సిగ్నీ.

"కదలకుండా ఉండడం నాకు నేర్పుతున్నావా," అంది ఓర్ఫా.

ఆ మాట అనే హక్కు ఆమెకే ఉంది. బర్చ్ కౌంటీలో కుదురుగా కూర్చోగలిగినవాళ్ళు చాలామందే పుట్టారు గానీ, ఓర్ఫా టాలెఫ్సన్‌లా కూర్చున్నవాళ్ళు ముందు పుట్టలేదు, ఇక పుట్టబోరు. జింకల వేటకని తుపాకీ ఒళ్ళో పెట్టుకుని హెమ్లాక్ గట్టు మీద కూర్చుందంటే, గంటలో పాదాలు వేర్లయ్యేవి. రెండు గంటల్లో చర్మం బెరడయ్యేది. మధ్యాహ్నానికి ఆమె ఎవరో పక్కనున్న హెమ్లాక్ చెట్టేదో కట్టుకోబోయే మొగుడికే తెలియలేదు. ఆ ఆర్విడ్, పాపం, పెళ్ళి చేసుకోమని అడగడానికి గట్టెక్కి, మోకాలి మీద కూర్చుని, అరగంటసేపు వేరే చెట్టుని బతిమాలాడు. ఓర్ఫా పక్కనే ఉండి అంతా విని, పొద్దువాలాక సరేనంది. ఒక ఏడు ఎలుగుబంటి ఆమెకి వీపు రుద్దుకుని, దురద తీరాక హాయిగా మూలిగి వెళ్ళిపోయింది. జింకలు ఆమె నీడలోకే వచ్చి మేసేవి. అప్పుడు మెల్లగా మనిషయ్యేది. ఒకటే గుండు. అరవై రెండేళ్ళ వేటలో రెండో గుండు పేల్చిన రోజు లేదు. ఇది కాస్త తగ్గించి చెప్పినదే.

అయితే డెబ్భై తొమ్మిదో ఏట వెళ్ళడం ఎప్పటిలాగే ఉన్నా, తిరిగి రావడం ఆలస్యమవుతోంది. పోయిన నవంబరులో సిగ్నీ గట్టు మీద నిలబడి గంటన్నరసేపు "అమ్మా, అమ్మా" అని అరిస్తే గానీ ఓర్ఫా కళ్ళు తెరవలేదు. ఆ రోజు నుంచీ సిగ్నీకి ఒకటే పట్టు.

"మళ్ళీ చెబుతున్నాను. నీ ఎదురుగా సెల్ కెమెరా కడతాను. పది నిమిషాలకొక ఫోటో నా ఫోనుకి వస్తుంది. అది ఉంటేనే ఈ ఏడు నువ్వు గట్టెక్కేది. లేదంటే తుపాకీ మా ఇంట్లో, తాళం కింద."

"కెమెరా ముందు కూర్చుంటే అది వేటా? ఆసుపత్రిలో మంచమెక్కినట్టు ఉంటుంది."

"ఇవాళ సభలో నీ తీర్మానం నెగ్గితే గట్టు మీద ఒక్క కెమెరా ఉండదు. కెమెరా లేకపోతే నువ్వూ ఉండవు. నీ చోటు నువ్వే పోగొట్టుకుంటున్నావమ్మా."

"పోతే పోనీ. గుడ్లు మాడుతున్నాయి చూడు."

తీర్మానం చిన్నదే. వేట నెలల్లో కౌంటీ అడవుల్లో, ఫోనుకి బొమ్మలు పంపే కెమెరాలు పెట్టకూడదు. దానికి మూలం ఆర్విడ్ చెల్లెలి కొడుకు కిప్ రాస్మసన్. కాగితం మిల్లులో పనివాడు. నవంబరులో వేట తెరిచిన రోజు, డ్యూటీకి పోతూ పోతూ కొత్త సెల్ కెమెరా కట్టడానికి గట్టెక్కాడు. కౌంటీలో నలభై లక్షల చెట్లున్నాయి. వాటన్నిటినీ వదిలేసి, జింకల దారికి ఎదురుగా మంచి చోట ఉంది కదా అని ఓర్ఫా నడుముకే పటకా బిగించి, తాళం వేసి పోయాడు.

పదింటికి పది కొసల కొమ్ములున్న మగజింక వచ్చింది. ఐదేళ్ళుగా ఓర్ఫా ఎదురుచూస్తున్న జింక. ఆమె వేళ్ళ కొసలు మనిషివి అవుతూ ఉండగానే, మిల్లులో కిప్ ఫోను మోగింది. పన్నెండు నిమిషాల్లో వాడు వచ్చి వాలాడు. ఆమె భుజం మీదే తుపాకీ ఆనించి, ఆమె జింకని కొట్టి, ఈడ్చుకుపోయాడు.

ఆ సాయంత్రం ఓర్ఫా నడుముకి కెమెరాతోనే ఇంటికి నడిచొచ్చింది. పటకా కోసేస్తానని సిగ్నీ కత్తి తెస్తే ఒప్పుకోలేదు. కట్టినవాడే వచ్చి విప్పాలంది. కిప్‌కి సెలవు దొరకడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఓర్ఫా పొయ్యీ, ఓర్ఫా కోళ్ళూ, ఓర్ఫా ఒలిచిన ఆలుగడ్డలూ, ఆదివారం చర్చిలో పాస్టరు గారి ఆవలింతా వాడి ఫోనుకి వెళ్ళాయి. తాళం తీస్తున్నప్పుడు వాడు తలెత్తలేదు. తీశాక మాత్రం, "జింక నాదే అత్తా, నిబంధనల ప్రకారం," అన్నాడు.

"అయితే నిబంధన మారుద్దాం," అంది ఓర్ఫా.

ఇదిగో, ఆ మార్చే రోజు ఇవాళే. శనివారం పది గంటలకి హైస్కూలు బాస్కెట్‌బాల్ హాలు కిటకిటలాడింది. కౌంటీ వేటగాళ్ళ సభకి రెండు వందల మంది. అధ్యక్షుడు దాణా కొట్టు మిలో హవ్రానెక్. మొదట కిప్ మైకు తీసుకున్నాడు.

"నేను మిల్లులో వారానికి ఆరు రోజులు పనిచేస్తాను. సీజను మొత్తంలో నాకు దొరికేది రెండు రోజులు. ఆ రెండు రోజులూ జింక లేనిచోట కూర్చుంటే, ఏడాదంతా నా పిల్లలు దుకాణం మాంసమే తినాలి. కూర్చోవడానికి తీరిక ఉన్నవాళ్ళకే అడవి అంటే ఎలా?"

హాలులో సగం మంది చప్పట్లు కొట్టారు. అది మామూలు మాట కాదని ఓర్ఫాకీ తెలుసు. అయినా కూర్చున్నచోటి నుంచే, "నీకు సెలవు లేకపోవడం జింక చేసిన తప్పా?" అంది.

"మరి నువ్వు చెట్టయిపోతావు కదత్తా. అదేం న్యాయం? చెట్టేదో మనిషేదో జింకకి మాత్రం ఎలా తెలుస్తుంది?"

జనం గొల్లున నవ్వారు. ఓర్ఫా లేచి వెళ్ళి మైకు అందుకుంది.

"మంచి ప్రశ్నే అడిగావురా. నేను చెట్టయితే మంచు నా మీద కురుస్తుంది. ఎలుగు నన్నే గోకుతుంది. గాలి అటు తిరిగితే నా వాసన జింకకి తెలుస్తుంది, పోతుంది, నేను ఒట్టి చేతులతో ఇంటికొస్తాను. అలా ఒట్టి చేతులతో వచ్చిన ఏళ్ళు ఇరవై పైనే. జింక వచ్చినప్పుడు నేను అక్కడ ఉన్నాను. నువ్వెక్కడున్నావు? మిల్లు క్యాంటీన్‌లో శాండ్‌విచ్ తింటున్నావు. కబురందాక పోయి తెచ్చుకునేది పార్సెల్. దాన్ని వేట అనకు, నాకు ఒళ్ళు మండుతుంది."

ఈసారి చప్పట్లు అవతలి సగం నుంచి వచ్చాయి. అవి ఆగకముందే వెనక వరసలోంచి సిగ్నీ లేచింది. మైకు లేకపోయినా ఆమె గొంతు హాలంతా వినిపించింది. నలభై మంది పిల్లల్ని అదుపులో పెట్టే గొంతు అది.

"నేను మా అమ్మకి వ్యతిరేకంగానే మాట్లాడుతున్నాను. ఆవిడ ఒకరోజు అక్కడే ఉండిపోతుంది. అన్ని చెట్లలో మా అమ్మ ఏదో నాకెవరు చెబుతారు? ఆ బొమ్మ నా ఫోనుకి రానివ్వండి. నేను అడిగేది అంతే."

ఓర్ఫా మైకు దించకుండానే కూతురి వైపు చూసింది.

"నన్ను చూడాలంటే వచ్చి చూడు," అంది. తర్వాత అధ్యక్షుడి వైపు తిరిగింది. "మిలో గారూ, నా మాట ఇంకా అవలేదు."

ఆ మాట అని, మడత కుర్చీ ఒకటి హాలు మధ్యకి లాక్కుని, మైకు పట్టుకుని కూర్చుంది.

గంటన్నరకి బెరడు మెడదాకా వచ్చింది. కొమ్మలు స్కోరు బోర్డు వరకూ పాకాయి. కిప్ పక్షం వాళ్ళు గొణిగారు. మైకు లాగేసి ఓటు పెట్టమన్నారు. మిలో కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మాట్లాడేవాళ్ళు అయిందని చెప్పి మైకు ఇచ్చేదాకా ఓటు లేదు. మా తాతల నాటి నుంచీ ఈ సభకి అదే పద్ధతి. మైకు ఆవిడ కొమ్మలో ఉంది. కూర్చోండి."

కూర్చున్నారు. కాదు, కూర్చోవాలని చూశారు. పన్నెండింటికి జేబుల్లో ఫోన్లు మొదలయ్యాయి. గట్ల మీదా వాగుల దగ్గరా కట్టిన కెమెరాలన్నీ, ఉడత కదిలినా ఆకు కదిలినా బొమ్మలు పంపుతూనే ఉన్నాయి. చూడకుండా ఉండలేక చూశారు, చూశాక కూర్చోలేక లేచారు. రెండింటికి సగం కుర్చీలు ఖాళీ. మూడింటికి పాలు పితికే వేళయిందని రెండు పక్షాల రైతులూ పోయారు. ఆవులకి తీర్మానాలతో పనేముంది. మూడున్నరకి కిప్ లేచి చెట్టు ముందు నిలబడ్డాడు.

"డ్యూటీకి పోతున్నానత్తా. నా ఓటు నీకు వ్యతిరేకమే. రాసుకో."

"ఉన్నవాళ్ళదే ఓటు," అన్నాడు మిలో.

"తెలుసు. అయినా చెబుతున్నాను," అని తలుపు ధడాలున వేసి వెళ్ళాడు.

సిగ్నీ మాత్రం వెళ్ళలేదు. మొదట తల్లిని పిలిచింది. చెట్టు పలకలేదు. మళ్ళీ పిలిచింది. తర్వాత నేల మీదే కూలబడి, మానుకి వీపు ఆనించింది. గడియారం చూడకుండా ఒకచోట కూర్చోవడం ఆమెకి ఊహ తెలిశాక ఇదే మొదలు. పది నిమిషాలు కాళ్ళు తిమ్మిరెక్కాయి, తర్వాత ఆ సంగతి మరిచిపోయింది. మిలో కలం గీస్తున్న చప్పుడు వినిపించింది. కుర్చీల కింద ఎలుక వినిపించింది. కళ్ళు మూసుకునే, బూట్ల చప్పుడు బట్టి వెళ్ళేది ఎవరో చెప్పగలిగింది. ఇంకాసేపటికి వీపు వెనక మానులో ఊపిరి వినిపించింది. చాలా నెమ్మది. పీల్చడానికి ఒక పాటంత సేపు, వదలడానికి ఇంకో పాటంత సేపు.

అంటే గట్టు మీద తను గంటన్నరసేపు అరిచిన ప్రతి పిలుపూ అమ్మ విన్నదన్నమాట. పలకకపోవడం కాదు, ఆ గంటన్నరా బయల్దేరి వస్తూనే ఉందన్నమాట.

ఐదు కొట్టకముందే కొమ్మ ఒకటి కిందకి వంగి మైకుని మిలో బల్ల మీద పెట్టింది. "అయింది," అంది ఓర్ఫా గొంతు.

మిలో చేతులెత్తమన్నాడు. మిగిలినవాళ్ళు ముప్పై తొమ్మిది మంది. తీర్మానం నెగ్గాలన్నవాళ్ళు పంతొమ్మిది. వద్దన్నవాళ్ళూ పంతొమ్మిదే. సిగ్నీ రెండుసార్లూ చెయ్యెత్తలేదు.

"సిగ్నీ, నీ ఓటు?"

తల్లిని బతికించాలంటే తీర్మానం ఓడాలని పొద్దున్నుంచీ ఆమె మనసులో ఉన్నది. ఇప్పుడు వెతికితే ఆ భయం ఉంది గానీ, దానికి ఫోనుతో పనిలేదు, మానుకి వీపు ఆనించి వింటే చాలనిపించింది.

"నెగ్గాలి," అని చెయ్యెత్తింది. మోచెయ్యి అప్పటికే బిగుసుకుంది కాబట్టి చాలా నెమ్మదిగా లేచింది. చూపుడు వేలి కొసన లేత చిగుళ్ళు రెండున్నాయి. మిలో చూశాడు, ఇరవై అని రాసుకున్నాడు, సభ ముగిసిందని చెప్పి జేబులోంచి తాళాలు తీశాడు.

సిగ్నీ పిలిచినప్పుడే బయల్దేరిన ఓర్ఫా అప్పటికి మనిషయి, మోకాళ్ళు పట్టుకుంటూ కూతురి దగ్గరికొచ్చి వంగి చూసింది. సిగ్నీ బూట్ల కిందనుంచి తెల్లటి వేర్లు, దారాలంత సన్నవి, నేల చెక్కల సందుల్లోకి దిగాయి.

"లాగకు. తెగుతాయి," అంది ఓర్ఫా. "మొదటిసారి కదా, ఎడమకాలు ఆఖరున వదులుతుంది."

"లేవమ్మా సిగ్నీ, హాలు మూసెయ్యాలి," అన్నాడు మిలో.

సిగ్నీ పెదవులు కదలడానికి కొంచెం సేపు పట్టింది.

"తాళం అక్కడ పెట్టి మీరు వెళ్ళండి మిలో గారూ. నేనిప్పుడే లేవను."

మిలో తాళం పెట్టేసి వెళ్ళాడు. ఓర్ఫా మరో కుర్చీ లాక్కుని కూతురి పక్కన కూర్చుంది. ఎదురుచూడడంలో ఆమెని మించినవాళ్ళు లేరు గానీ, మనిషి కోసం మనిషిలా ఎదురుచూడడం చేతకాదు. కాలు మీద కాలు వేసింది, తీసింది, అటు జరిగింది, ఇటు జరిగింది.

"కదలకమ్మా," అంది సిగ్నీ. "వింటున్నాను."