పచ్చ బటన్ నొక్కిందెవరు

నాగదుర్గ చీరల అంచులు గీస్తుంది. కాగితం మీద కాదు, కంప్యూటర్‌లో. పటమటలో రెండో అంతస్తు వాటా వాళ్ళది. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల మీద ఆ కంప్యూటర్ ఉంటుంది. ఆమె గీసిన హంసలు, గోపురాలు, మామిడి పిందెలు గడులు గడులుగా తయారై పెడన వెళ్తాయి. అక్కడ ఆ గడుల్ని చూసి జాకార్డు మగ్గానికి అట్టలు కొడతారు. అట్టలో చిల్లు ఎక్కడ పడితే చీరలో పువ్వు అక్కడ లేస్తుంది. ఒక్క గడి తప్పినా నేతలో హంసకి మెడ వంకర పోతుంది. అందుకని ఆమె పని చేసేటప్పుడు ఇంట్లో ఎవరూ పలకరించరు.

ఆ కంప్యూటర్ వాడే రెండో మనిషి ఆమె మామగారు వెంకటప్పయ్య. నలభై ఏళ్ళు గుంట మగ్గం మీద నేసిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక నేత మానేసి కొడుకు దగ్గరికి వచ్చేశారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కోడలు కాసేపు నడుం వాలుస్తుంది. ఆ గంటా గంటన్నరా ఆయన ఆ కుర్చీలో కూర్చుని హరికథలు పెట్టుకుంటారు. ఫోన్‌లో అక్షరాలు ఆయన కంటికి ఆనవు.

గొడవ ఆషాఢంలో మొదలైంది. ఇంటర్నెట్ తెరవగానే ఎప్పుడూ వచ్చే పేజీ కాకుండా ఇంకేదో పేజీ వచ్చింది. ఏం వెతికినా అందులోనే వెతకాల్సి వస్తోంది. మర్నాటి నుంచి తెర కింది మూల చిన్న చిన్న పెట్టెలు లేవడం మొదలెట్టాయి. మీ కంప్యూటర్‌లో పదమూడు వైరస్‌లు ఉన్నాయని ఒకటి, మీకు బహుమతి వచ్చిందని ఒకటి, పేకాట ఆడమని మరొకటి. ఒకదాన్ని మూస్తే రెండు లేచేవి. మూసే గుర్తు ఎంత చిన్నదంటే, గడుల్లో చుక్కలు పెట్టే చేతికి కూడా ఒక్కోసారి గురి తప్పేది. గురి తప్పిందా, ఇంకో పేజీ తెరుచుకునేది.

వారం రోజులు పళ్ళు బిగబట్టి మూసుకుంటూ వచ్చింది. పని సగానికి పడిపోయింది. శ్రావణ మాసం చీరలకి డిజైన్‌లు వెళ్ళాల్సిన రోజులు అవి.

అప్పుడొచ్చింది తిరుపతిరావు గారి ఫోను. ఆయన పెడనలో మాస్టర్ వీవర్. ఆయన కింద అరవై మగ్గాలు ఆడతాయి. మాట తక్కువ, మర్యాద ఎక్కువ. కొత్త అంచు ఒకసారి తెర మీద చూపించమ్మా, మార్పులుంటే అక్కడికక్కడే చెప్తాను అన్నారు. ఆయన పక్కన అట్టలు కొట్టేవాళ్ళు ఇద్దరు, ఆయన కొడుకు, కోడలు కూడా కూర్చున్నారు. నాగదుర్గ తన తెరని వాళ్ళకి కనిపించేలా పెట్టి, కొంగు దగ్గర హంసల వరస ఎలా తిరుగుతుందో చెప్తోంది. సరిగ్గా ఆ వరస మీదే ఒక పెట్టె లేచింది. అందులో ఒంటి మీద సరిగ్గా బట్టల్లేని ఆడపిల్ల, పక్కన ఏదో రాత. మూయబోతే అది తెరంతా పరుచుకుంది. మూసే గుర్తు ఎక్కడుందో కనిపించలేదు. చివరికి కంప్యూటర్ స్విచ్చే కట్టేసింది.

మళ్ళీ ఫోన్ చేసి క్షమించమంటే తిరుపతిరావు గారు పెద్దగా ఏమీ అనలేదు. "అది బాగు చేయించుకున్నాక చూద్దాంలేమ్మా," అని పెట్టేశారు. ఆ 'లేమ్మా' అన్న తీరుకి ఆమె చెవులు వేడెక్కిపోయాయి. నాలుగు మాటలు తిట్టినా బాగుండేది.

అదే వేళకి వెంకటప్పయ్య గారు చేతిలో కళ్ళజోడు తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చారు. ఆయన హరికథ వేళ అది.

"మావయ్య గారూ, మీరు ఎక్కడ పడితే అక్కడ నొక్కబట్టే ఇదంతా వచ్చింది," అంది నాగదుర్గ. "నలుగురిలో నా పరువు పోయింది. దయచేసి ఇక దాని జోలికి వెళ్ళకండి."

ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. "నేను కథ పెట్టుకునే చోటు తప్ప ఇంకెక్కడా ముట్టుకోనమ్మా."

"మరి నేను ముట్టుకున్నానా?"

ఆయన కళ్ళజోడు జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి ముందు గదిలోకి రావడమే మానేశారు. మధ్యాహ్నం పూట వంటింటి పక్క వరండాలో కుర్చీ వేసుకుని వీధిలోకి చూస్తూ కూర్చునేవారు. నాగదుర్గకి అది కనిపిస్తూనే ఉంది. కానీ కంప్యూటర్ మీద కోపం చల్లారితే గదా ఇంకోవైపు చూడ్డానికి.

భర్త ఉమామహేశ్‌కి వన్ టౌన్‌లో బట్టల హోల్‌సేల్ షాపులో పని. పొద్దున్నే వెళ్తే చీకటి పడ్డాకే రావడం. నాన్నతో అలా అనకుండా ఉండాల్సింది అని ఒక్కసారి అన్నాడు. నువ్వొచ్చి బాగు చేస్తావా మరి అని ఆమె అడిగేసరికి అన్నం ముందు కూర్చున్నాడు.

తనే బాగు చేసుకుందామని పూనుకుంది. ఎవరో వీడియోలో చెప్తే చూసి, బ్రౌజర్‌కి తగులుకున్న డిస్కౌంట్ల ఎక్స్‌టెన్షన్ ముక్క ఒకదాన్ని పట్టుకుని తీసేసింది. సాయంత్రం వరకూ తెర శుభ్రంగా ఉంది. ప్రాణం లేచొచ్చింది. మర్నాడు పొద్దున తెరిస్తే అదే ముక్క, అదే చోట, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది. మళ్ళీ తీసింది. మళ్ళీ వచ్చింది. మూడోసారి తీసినప్పుడు తెరంతా ఎర్రగా మారి సైరన్ కూసింది. కంప్యూటర్ తాళం పడిందని, వెంటనే ఫలానా నంబరుకి ఫోన్ చేయమని రాసి ఉంది. ఆ కంగారులో చేసేసింది కూడా. అవతల ఎవడో మహా వినయంగా మాట్లాడి, తన చేతికి కంప్యూటర్ ఇచ్చే ప్రోగ్రాం ఒకటి వేసుకోమన్నాడు. అది వేయకముందే వాడు బ్యాంకు పేరు అడిగేసరికి ఆమెకి తెలివొచ్చింది. పెట్టేసింది.

దగ్గర్లో ఉన్న కంప్యూటర్ షాపతను ఒక్క మాటలో తేల్చేశాడు: మొత్తం తుడిచేసి కొత్తగా వేయాలి. తుడిస్తే డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్ కూడా పోతుంది. అది పాతది, అమ్మినవాళ్ళు దుకాణమే మూసేశారు. మళ్ళీ దొరకదు. ఈ మాట ఎంత చెప్పినా అతను, తుడిచేద్దాం మేడమ్ అనే అన్నాడు. నాగదుర్గ కంప్యూటర్ ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తిరిగొచ్చేసింది. మెట్లెక్కుతుంటే ఏడుపొచ్చింది.

చివరికి వినీల గుర్తొచ్చింది. ఇంటర్‌లో ఇద్దరిదీ ఒకే బెంచీ. ఇప్పుడు భవానీపురంలో ఉంటూ డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్తోంది. ఇన్నాళ్ళూ పలకరించకుండా ఇప్పుడు పనిబడి ఎలా అడగడం అని మొహమాటపడింది గానీ, వినీల ఏమీ అనుకోలేదు. ఆదివారం పొద్దున్నే స్కూటీ మీద ట్రాఫిక్కంతా దాటుకుని వచ్చింది. టీ కూడా తాగకుండా కుర్చీ లాక్కుంది.

"నువ్వు కొమ్మ కొడుతున్నావే, మొదలు వదిలేసి," అంది. "బ్రౌజర్‌లో తీసినదాన్ని లోపల ఇంకో ప్రోగ్రాం మళ్ళీ తెచ్చి పెడుతోంది. ముందు దాన్ని పట్టుకుందాం."

సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కంప్యూటర్‌లో ఉన్న ప్రోగ్రాంల జాబితా తెరిచింది. దాన్ని తారీఖుల వరసలో పెట్టింది, ఏది ఎప్పుడు వచ్చిందో తెలిసేలా. పాతవన్నీ కిందికి పోయి, పైన నాలుగు మిగిలాయి. నాలుగూ ఒకే రోజువి. జూలై నాలుగు. వాటిలో మూడింటి పేర్లు నాగదుర్గ ఎప్పుడూ విననివి. నాలుగోది పీడీఎఫ్‌ని బొమ్మగా మార్చే ప్రోగ్రాం.

ఆ పేరు ఆమెకి తెలుసు.

జూలై నాలుగున తిరుపతిరావు గారు ఒక పాత అంచుని పీడీఎఫ్‌లో పంపారు. దాన్ని బొమ్మగా మార్చాలి. గబగబా వెతికి, మొట్టమొదట వచ్చినదాన్నే తెరిచింది. ఆ పేజీలో డౌన్‌లోడ్ అని మూడు బటన్లు ఉన్నాయి. అన్నిటికంటే పెద్దగా, పచ్చగా ఉన్నదాన్ని నొక్కింది. తర్వాత నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్. మధ్యలో చిన్న చిన్న గడుల్లో టిక్కులు ఉన్నట్టు ఇప్పుడు లీలగా గుర్తొస్తోంది. చదవలేదు. నువ్వు రోబోవి కాదని తేలాలంటే అలౌ నొక్కు అని ఇంకో పేజీ అడిగితే అదీ నొక్కింది.

ఆ రోజు వెంకటప్పయ్య గారు ఊళ్ళోనే లేరు. కూతురికి కాలు విరిగిందని ఒకటో తారీఖునే కంకిపాడు వెళ్ళారు. పదో తారీఖు దాకా అక్కడే ఉన్నారు. బస్సు ఎక్కించింది నాగదుర్గే. కోపంలో ఆ సంగతే మరిచిపోయింది.

"నేనే," అంది. వినీలకి అర్థం కాలేదు. నాగదుర్గ విప్పి చెప్పలేదు.

వాటిని తీయడం కూడా తిన్నగా సాగలేదు. ఒక్కోటీ వెళ్ళిపోయే ముందు అడ్డం పడింది. ఉంచుకోండి అని పెద్ద బటన్, తీసేయండి అని దాని కింద కనీకనపడని బూడిద రంగు రాత. ఒకటైతే ఎందుకు తీసేస్తున్నారో కారణం రాస్తేగానీ కదల్లేదు. నాలుగూ పోయాక బ్రౌజర్‌లోని ముక్కని తీశారు. అలౌ అని అనుమతి పొందిన సైట్ల జాబితా తెరిస్తే పదిహేడు తేలాయి. అన్నిటినీ ఆపేశారు. మూల నుంచి లేచే పెట్టెలు పంపేది అవేనట. తర్వాత వినీల, ఇలాంటి చెత్తని వెతికే ప్రోగ్రాం ఒకదాన్ని దాని అసలు సైట్‌లోంచే దింపి, కంప్యూటర్ మొత్తం గాలించింది. అంతా అయి తిరిగి వెలిగించాక తెర మీది బ్రౌజర్ షార్ట్‌కట్ గుర్తు నొక్కితే మళ్ళీ అదే దిక్కుమాలిన పేజీ.

నాగదుర్గ మౌస్‌ని బల్ల మీద కొట్టింది.

వినీలకీ విసుగొచ్చింది. అరగంట వెతికింది. ఆఖరికి ఆ గుర్తులోనే దొరికింది. బ్రౌజర్ ఎక్కడుందో లోపల రాసి ఉన్న దారి చివర ఆ పేజీ అడ్రసు తగిలించి ఉంది. ఎన్నిసార్లు శుభ్రం చేసినా, గుర్తు నొక్కిన ప్రతిసారీ మనమే వెళ్ళి దాన్ని పిలుచుకొస్తున్నట్టన్నమాట. ఆ తోక కోసేశాక తెర తెరలా ఉంది.

వినీల భోజనం చేసి వెళ్ళిపోయాక నాగదుర్గ వరండాలోకి వెళ్ళింది.

"మావయ్య గారూ, అది మీవల్ల రాలేదు. నేనే తెచ్చాను. మీరు కంకిపాడులో ఉన్న రోజున."

"నాకు తెలుసమ్మా," అన్నారు ఆయన వీధిలోకి చూస్తూనే. "నేను రాకముందే మొదటి పేజీ మారిపోయి ఉంది. వచ్చిన రోజే చూశాను."

"మరి చెప్పలేదే?"

"చెప్పాను గదా, ముట్టుకోలేదని. నువ్వు నమ్మాక గదా ఇంకో మాట చెప్పడానికి."

ఆమె తల వంచుకుంది. ఆయన ముఖం ప్రసన్నంగా ఏమీ లేదు. ఆ మధ్యాహ్నమూ ముందు గదిలోకి రాలేదు, మర్నాడూ రాలేదు.

ఇకముందు ఇలా జరక్కుండా వినీల ఒక ఉపాయం చెప్పి వెళ్ళింది. ఆయనకి వేరే అకౌంట్ పెట్టమంది. దాంట్లో చూడ్డం, వినడం తప్ప కొత్తవేవీ వేసుకోవడం కుదరదు. ఆ మాట చెప్తే వెంకటప్పయ్య గారు శాంతంగా విన్నారు.

"పెట్టమ్మా. నీ పేరున కూడా అలాంటిదే పెట్టుకో."

ఆమెకి చురుక్కుమంది. అయినా ఇద్దరికీ అలాంటివే పెట్టింది. కొత్తది ఏది వేయాలన్నా అడిగే పాస్‌వర్డ్‌ని ఉమామహేశ్ చేత పెట్టించి, తనకి చెప్పొద్దంది. ఆ తర్వాతే ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

తిరుపతిరావు గారు ఆ అంచు తీసుకున్నారు. దాని తర్వాతది మాత్రం మచిలీపట్నంలో ఇంకెవరి చేతో గీయించుకున్నారని తెలిసింది. శ్రావణం అలా గడిచిపోయింది.

భాద్రపదంలో కొత్త ప్రింటర్ కొంది. పొద్దున పదకొండింటికి తీగ తగిలించి, కంపెనీ సొంత సైట్ వెతికి పట్టుకుని, పేరు రెండుసార్లు సరిచూసుకుని, ప్రతి గడీ చదివి, అక్కర్లేని టిక్కు ఒకటి తీసేసి మరీ నొక్కింది. కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగింది. ఉమామహేశ్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. షాపులో జనం ఉన్నారేమో. పన్నెండింటికి చేసింది, ఒంటిగంటకి చేసింది. మూడింటికి షాపు నంబరుకే చేస్తే గోడౌన్‌కి వెళ్ళాడన్నారు. పెద్ద అచ్చు తీయాల్సిన గ్రాఫు తెర మీద అలాగే ఉంది. నాగదుర్గ బల్ల మీద వేళ్ళు టకటకలాడిస్తూ, తనని తాను తిట్టుకుంటూ, సాయంత్రం దాకా అలాగే కూర్చుంది.