కరప్టయిన ఏడు ఫైళ్లు

కరీంనగర్‌లో రైతులకు బోర్లు మంజూరు చేసే ఒక సర్కారు ఆఫీసుకు 1997లో కంప్యూటర్ వచ్చింది. దానికోసం ఒక గదికి సున్నం వేసి, ఏసీ బిగించి, చెప్పులు బయటే విడవాలని బోర్డు రాశారు. సూపరింటెండెంట్ లక్ష్మీకాంతరావు దాని ముందు కొబ్బరికాయ కొట్టాడు. ఆ తర్వాత మళ్లీ దాని జోలికి పోలేదు. టైపిస్టు ప్రమోదినిని హైదరాబాద్‌లో మూడు వారాల శిక్షణకు పంపి, "ఇగ నువ్వే సూసుకో" అన్నాడు.

ప్రమోదిని నిజంగానే చూసుకుంది. పదిహేనేళ్లు టైపు మిషన్‌తో వేగిన మనిషికి తప్పు కొట్టిన అక్షరాన్ని తుడిచే వీలుండటమే పెద్ద వరంలా తోచింది. బయటి ఫ్లాపీలు పెట్టినప్పుడల్లా వైరస్ పరీక్ష నడపాలని శిక్షణలో చెప్పారు. ఒక మంగళవారం నడిపింది. మిషన్ గంటసేపు గరగరలాడి లెక్క తేల్చింది. వైరస్ లేదు, ఏడు ఫైళ్లు కరప్ట్.

ఆమె గాబరాపడలేదు. ఆ మాటకు 'ఈ ఫైలు దెబ్బతిన్నది, నేను చదవలేకపోయాను' అని మాత్రమే అర్థమని ఆమెకు తెలుసు. పోయిన వారం కంప్యూటర్‌లో ఫైలు సేవ్ చేస్తుండగానే మూడుసార్లు కరెంటు పోయింది. సగం రాసిన కాగితాన్ని ఎవరో గుంజుకున్నట్టు ఆ ఏడూ నడిమిట్ల తెగిపోయాయి. అసలు కాగితాలు చూసి మళ్లీ కొడితే సరిపోతుంది. కాకపోతే కాగితాలున్న బీరువా తాళం సూపరింటెండెంటు దగ్గరుంది.

ప్రింటు కాగితం చేతికివ్వగానే లక్ష్మీకాంతరావు మొహం తెల్లబడింది.

"జర తలుపు దగ్గరెయ్యమ్మా," అన్నాడు మెల్లగా. "కరప్టని రాసిందా? మిషన్‌కు గివన్నీ ఎట్ల తెలుస్తయి?"

"గది గా లంచాల కరప్టు కాదు సార్. కరెంటు పోయి ఫైలు ఖరాబయింది."

ఆయన వినిపించుకోలేదు. వేలు పెట్టి ఏడు పేర్లూ చదివాడు. ఆఫీసు తరఫున బోర్లు తవ్వే కాంట్రాక్టర్ రామకిషన్‌రావు ఫైలు అందులో లేదు.

"కాంట్రాక్టర్ ఫైలుకు ఏమన్నది?"

"ఓకే అన్నది సార్."

లక్ష్మీకాంతరావు కుర్చీలో వెనక్కి వాలి, చాయ్ తెప్పించుకున్నాడు. "ఓకే అంటే ఫైలు తెరుసుకుంటదని మాత్రమే సార్," అని ప్రమోదిని చెప్తుంటే ఆయన చాయ్ తాగుతూ, "శాన మంచి మిషను," అన్నాడు.

మధ్యాహ్నానికి ఏడు పేర్లూ నోటీసు బోర్డు ఎక్కాయి. కంప్యూటర్ తనిఖీలో కరప్ట్ అని తేలినందున, విచారణ అయ్యేదాకా ఈ బోర్ల మంజూరు ఆపడమైనది. కింద సంతకం, ముద్ర. ప్రమోదిని అడిగిన బీరువా తాళం మాత్రం ఇవ్వలేదు.

మర్నాడు మల్లక్క వచ్చింది. రెండెకరాల రైతు, బోర్డెక్కిన ఏడు పేర్లలో ఆమెదొకటి. ఆఫీసుకు రావడం ఇది నాలుగోసారి. బంట్రోతు రాజం బోర్డు చదివి వినిపించి, కరప్టంటే లంచమని చెప్పాడు. ఆమె నేరుగా సూపరింటెండెంటు గది గడప దగ్గరికి పోయి నిలబడింది.

"అయ్యా, నా ఫైలు గట్ల ఎట్లయితది? నేనెవ్వలికి ఏమియ్యలే గద. ఇయ్యకపోతేనే గట్లంటరా?"

హాల్లో గుమాస్తాలు తలలు కాగితాల్లోకి దించేశారు. లక్ష్మీకాంతరావు గంభీరంగా, "మిషన్ అబద్ధం చెప్పదమ్మా. విచారణ కానియ్యి," అన్నాడు.

కంప్యూటర్ గదిలో కూర్చున్న ప్రమోదినికి ఆ మాటలన్నీ వినిపించాయి. ఆ జాబితా ఇచ్చింది తనే. లేచి వచ్చింది.

"విచారణ నేను చేస్త సార్. తాళమియ్యండి."

విచారణ అన్న మాట ఆయనకు నచ్చింది. తాళం ఇచ్చాడు. ఆమె అన్నం కూడా తినకుండా ఏడు ఫైళ్లూ మళ్లీ కొట్టి, ఫ్లాపీలో ఒక నకలు దాచి, పరీక్ష నడిపింది. కరప్ట్ సున్నా. సాయంత్రం ఆ కాగితం చూసి లక్ష్మీకాంతరావు ఆశ్చర్యపోయాడు.

"ఒక్క దినంల అన్నీ మారినయా?"

"మారినయి సార్. సంతకం పెట్టండి."

పెట్టాడు. రాజం బోర్డు మీది కాగితం పీకేశాడు. అప్పటిదాకా మెట్ల మీదే కూర్చున్న మల్లక్క, "నీ కడుపు సల్లగుండ బిడ్డా," అని ఆఖరి బస్సుకు పరుగెత్తింది. మరుసటి నెలలో ఆమె చెలకలో వేసిన బోరులో రెండించుల నీళ్లు పడ్డాయి.

రెండు నెలలకు హైదరాబాద్ నుంచి తనిఖీ అధికారి ఇందిరాదేవి వచ్చింది. లక్ష్మీకాంతరావు ఆమె ముందు ప్రింటు కాగితాలు పరిచాడు. "మా దగ్గర అన్నీ ఓకే మేడమ్. కంప్యూటరే చెప్పింది."

ఆమె కళ్లద్దాలు సవరించుకుని ప్రమోదిని వైపు తిరిగింది. "ఓకే అంటే ఏమిటమ్మా?"

ప్రమోదిని ఒక్క క్షణం సూపరింటెండెంటు వైపు చూసింది. ఆయన తల ఊపుతున్నాడు.

"ఫైలు మంచిగ తెరుసుకుంటదని అర్థం మేడమ్. అండ్ల రాసింది నిజమా కాదా అన్నది మిషన్ సూడదు. మనుషులే సదువుకోవాలె."

"అయితే చదువుదాం. కాంట్రాక్టర్ ఫైలు తెరువు."

ఫైలు చక్కగా తెరుచుకుంది. ఒక్క అక్షరం కూడా చెదరలేదు. పన్నెండిళ్లున్న పల్లెలో రామకిషన్‌రావు ఇరవై బోర్లు తవ్వినట్టు అందులో స్పష్టంగా ఉంది. ఇందిరాదేవి సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవలేదు. చాయ్ రెండుసార్లు చల్లారిపోయింది.

పదిహేను రోజులకు కాంట్రాక్టర్ మీద కేసు పెట్టారు. లక్ష్మీకాంతరావును భైంసాకు బదిలీ చేశారు. పోయేముందు ఆయన కంప్యూటర్ గదిలోకి చెప్పులతోనే వచ్చాడు.

"నువ్వన్న జర ముందుగాల చెప్పకపోతివి ప్రమోదినీ," అన్నాడు బాధగా.

"చెప్పిన సార్. మీరు చాయ్ తాగుతుండిరి."